నాలుగు చెంచాల పెసరకట్టు

పన్ను తీయించుకుని ఇంటికి వచ్చిన మనిషికి ఏం పెట్టాలో చెప్పేవాళ్లు ఇంటినిండా ఉంటారు. నాకూ చెప్పారు. చెప్పిన వాళ్లందరూ నా మేలు కోరినవాళ్లే. వాళ్లు కోరిన మేలు నా దవడ ఎముక దాకా పోయింది.

ఇప్పుడు నోరు రెండు వేళ్లు పట్టేంత తెరుచుకుంటోంది. నరసింహస్వామి దయ. మెత్తగా మెదిపి పెడితే అన్నం తింటున్నాను, నిద్రపోతున్నాను, పొద్దున లేచి దీపం పెట్టుకుంటున్నాను. ఆయనకు పెట్టే దండంలో ఏ లోటూ లేదు. కానీ ఈ కాగితాలు ముందేసుకుని కూర్చున్నది ఆ దండం కోసం కాదు. దవడ నయమవుతోంది. ఆ పది రోజుల్లో నా కోడలి దగ్గర నేను పోగొట్టుకున్నది మాత్రం నయం కాలేదు. దాని గురించి రాయాలి.

నేను బడికి పోలేదు. మా నాయన అంగడి మూసి ఇంటికి వచ్చాక పళ్లెంలో బియ్యం పోసి నా చేత అక్షరాలు దిద్దించాడు. స్తోత్రాలు చదువుకోవడానికీ, సరుకుల చీటీ రాయడానికీ ఆ చదువు సరిపోయింది. ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

శ్రావణ మాసం, పన్ను తీసిన రోజు

మాది కోయిలకుంట్ల. మా ఆయనకు బజారులో విత్తనాల అంగడి ఉంది, మా అబ్బాయి ప్రసాదు కూడా అందులోనే కూర్చుంటాడు. ఇంట్లో నేను, ప్రసాదు భార్య శిరీష, మా ఆయన అక్క. ఆమెను నేను వదినా అంటాను, శిరీష పెద్దత్తా అంటుంది. చిన్నప్పుడే భర్త పోతే పుట్టింటికి వచ్చి, తల్లి లేని తమ్ముణ్ణి పెంచింది. ఈ ఇంట్లో పొయ్యి ఆమెది. ముప్పై ఏళ్లుగా నేను ఆ పొయ్యి దగ్గర రెండో మనిషిని. దానికి నాకు ఎప్పుడూ బాధ లేదు.

ఎడమ కింది దవడలో చివరి పన్ను రెండేళ్లుగా సలుపుతోంది. లవంగం పెట్టుకున్నాను, మందుల అంగడి మాత్రలు మింగాను, శనివారాలు ఉపవాసం ఉన్నాను. ఒక పొద్దున పక్క పన్ను కూడా కదిలింది. శిరీషే పట్టుబట్టి నన్ను ప్రొద్దుటూరు తీసుకుపోయింది.

అక్కడ ఆసుపత్రి వరండాలో చెంపలు పట్టుకున్న వాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడటం లేదు. నా పక్కన ఒక పెద్దాయన కొత్తగా కట్టించుకున్న పళ్లసెట్టు తీసి తువ్వాలులో పెట్టుకుని దాని వంక కోపంగా చూస్తున్నాడు.

"ఏమైంది తాతా?" అంది శిరీష.

"శనక్కాయలు కొరకల్యామ్మా ఇవి. శనక్కాయలు కొరకనీకె రాని పండ్లు నాకేటికి? ఫోటో దిగనీకెనా?"

నాకు నవ్వొచ్చింది. లోపలికి పోయేముందు నేను నవ్విన ఆఖరి నవ్వు అది.

డాక్టరమ్మ చిన్నపిల్ల. చేయి మాత్రం చాలా తేలిక. రెండు పళ్లూ తీసి, చివరి పన్ను ఎముకలో ఇరుక్కుని ఉంటే చిగురు కోసి తీసి, నాలుగు కుట్లు వేసింది. ఏం తినాలో నిదానంగా చెప్పింది. ఈరోజు చల్లనివే. రేపటి నుంచి పెరుగన్నం బాగా మెదిపి, పెసరపప్పు కట్టు, చల్లారబెట్టిన రాగిజావ, అరటిపండు గుజ్జు. కారం వద్దు, వేడి వద్దు, చెంప మీద కాపడం అసలే వద్దు. గట్టిగా పుక్కిలించకూడదు, పీల్చకూడదు.

"గుంటలో రక్తం గడ్డ కడ్తాది కదమ్మా, అదే మీకు మందు. అది ఊడొస్తే ఎముక బయటపడ్తాది. ఆ నొప్పి మీరు తట్టుకోలేరు" అంది.

నా నోట్లో దూది ఉంది. తల ఊపాను. శిరీష అన్నీ ఫోనులో రాసుకుంది.

మొదటి మూడు రోజులు

మా వదిన గడపలోనే దిష్టి తీసింది. తీస్తూనే అడిగింది.

"కుట్లేసినారా?"

"నాలుగేసినారు పెద్దత్తా."

"అయితే పథ్యమే."

మా ఇళ్లల్లో కుట్టు అన్న మాట పడితే చాలు, అది కడుపు మీదైనా కాలి మీదైనా ఒకటే లెక్క. బాలింతకు పెట్టిందే పెడతారు. పప్పు తింటే చీము పడుతుంది. పెరుగు తింటే కుట్లు నానుతాయి. అరటిపండు తింటే వాపు దిగదు. వేడివేడి అన్నం, ధనియాల కారం, శొంఠి కషాయం. నాకు ప్రసాదు పుట్టినప్పుడు నలభై రోజులు మా వదిన చేతి పథ్యం తిన్నాను. మా ఆయనకు కడుపు కోసినప్పుడూ ఆమే పెట్టింది. అందరం లేచి తిరిగాం. కాబట్టి ఆమె మాటను నేనూ నమ్మాను. ఇది దాచి రాస్తే ఈ రాత దండగ.

శిరీష ఫోను తీసి చూపించింది. "డాక్టరమ్మ పప్పుకట్టు తాగమనింది పెద్దత్తా. రాసుకొచ్చినా, సూడు."

"ఆ డాక్టరమ్మకు పెండ్లయిందా?"

"నాకేం తెల్సు?"

"బిడ్డల్ని కనిందా?"

"పన్ను పీకనీకె బిడ్డల్ని కనాల్నా పెద్దత్తా?"

పేపరు వెనక మా ఆయన కిసుక్కుమన్నాడు. మా వదిన నవ్వలేదు. ఆయన పేపరు దించి, "అక్క చెప్పినట్ల కానీలే. నాలుగు దినాలు పథ్యం తింటే ఎవరన్నా సచ్చిపోయినారా?" అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. "నువ్వేమంటావు సరోజా?" అంది వదిన. నేను దూది నొక్కుకుని ఆమె వైపు చేయి చూపించాను. నీ ఇష్టం అని. నోరు ఉన్నా అదే అనేదాన్ని.

ఆవిరి పోయే అన్నంలో ధనియాల కారం కలిపి, నమలకుండా మింగమని చిన్న ఉండలు చేసి పెట్టింది. మా సీమలో కారం తగ్గించమంటే వంట చేసే మనిషిని తిట్టినట్టే. ఆమె పాపం సగానికి సగం తగ్గించింది. ఆ సగమే కుట్ల మీద నిప్పు రవ్వలా కూర్చుంది. ధనియాల పొట్టు గుంటలోకి పోయింది. నాలుకతో తీసుకోబోతే ఏదో మెత్తగా కదిలి ఊడి వచ్చింది. ఉప్పగా ఉంది. అది డాక్టరమ్మ చెప్పిన గడ్డ అని నాకు అప్పుడు తట్టలేదు.

గంటకొకసారి పెనం మీద ఉప్పు వేయించి, గుడ్డలో మూట కట్టి చెంపకు కాపడం పెట్టింది. ఆ మూట పట్టుకుని ఆమె అరచేయి ఎర్రగా కమిలింది. అయినా మానలేదు. ఆ చేతిని చూసి నేను మనసులో దండం పెట్టుకున్నాను. తోడబుట్టినవాళ్లు కూడా ఇంత చేయరు అనుకున్నాను. ఇప్పటికీ ఆ మాట నిజమే. అదే నాకు మింగుడుపడటం లేదు. కోపం వస్తే కోప్పడటానికి ఆ చేయి అడ్డం వస్తుంది.

ఎదురింటి రాజమ్మ చూడటానికి వచ్చింది. "ఏం సరోజా, పథ్యం తింటాండావంట. మగబిడ్డా, ఆడబిడ్డా?" అంది. నవ్వబోతే కుట్టు లాగి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె ఇంకా నవ్వింది.

నాలుగో నాడు, ఐదో నాడు

నాలుగో నాటికి నొప్పి పన్ను ఉన్న చోటు వదిలేసి చెవిలోకి, కణతలోకి పాకింది. చిగురు నొప్పి నాకు తెలుసు. ఇది అది కాదు, ఎముకే మేలుకున్నట్టు ఉంది. అన్నం ముద్ద చూస్తే భయం వేసింది. వద్దని చేయి ఊపాను. "రెండు ముద్దలు మింగు, మాత్రలెయ్యాల" అని వదిన బతిమాలింది. మింగలేదు. ఉత్త కడుపు మీదే మాత్రలు పడ్డాయి. కళ్లు తిరిగాయి.

మధ్యాహ్నం వదిన కన్యకమ్మ గుడిలో పారాయణానికి పోయింది. శిరీష గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. చేతిలో స్టీలు గ్లాసు, చెంచా. పెసరపప్పు ఉడికించి, గుడ్డలో వడగట్టి, మెదిపిన అన్నం ఇంత కలిపి, చిటికెడు ఉప్పు వేసి, నీళ్ల గిన్నెలో గ్లాసు పెట్టి చల్లార్చి తెచ్చింది.

"అత్తా, నాలుగు చెంచాలు తాగు. ఎవరికీ తెలీదులే."

తల అడ్డంగా ఊపాను. దవడ మీద వేలు పెట్టి చూపించాను. చీము పడుతుందని.

"డాక్టరమ్మకు ఫోన్ చేసినా. తినకుండా పండుకుంటేనే చీమంట. నా మాట ఇను. నువ్వు ఇట్ల పండుకుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడల్యా."

నన్ను దిండుకు ఆనించి కూర్చోబెట్టి, కుట్లు లేని కుడి వైపు నుంచి చెంచా వంచింది. చల్లగా, ఎక్కడా తగలకుండా, ఒరుసుకోకుండా గొంతులోకి దిగింది. నాలుగు రోజుల్లో నొప్పి లేకుండా నా లోపలికి పోయింది అదొక్కటే. నాలుగు చెంచాలు అయ్యాక గ్లాసు వైపు చేయి చాచాను. ఇంకా కావాలని. ఆమె నవ్వి మొత్తం తాగించింది. నేను ఆమె తల మీద చేయి పెట్టాను.

గ్లాసు కడిగి, తుడిచి, ఎక్కడ తీసిందో అక్కడే పెట్టింది. ఐదో నాడు కూడా తెచ్చింది. ఐదో నాడు నేను తలుపు వైపు చూస్తూ ఆమె కోసం ఎదురు చూశాను.

ఆరో నాడు

పొద్దున లేచేసరికి ఎడమ కన్ను మూసుకుపోయింది. ఒళ్లు కాలిపోతోంది. నోట్లో కుళ్లు వాసన. నోరు తెరుద్దామంటే చిటికెన వేలు కూడా దూరనంత బిగుసుకుపోయింది. మాట లేదు.

వదిన నా పెదవి పక్కకు లాగి టార్చిలైటు వేసి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత టార్చి ఆపి, నిదానంగా అంది. "చీము. పప్పు తిన్నావు నువ్వు."

మా ఆయన, ప్రసాదు లోపలికి వచ్చారు. శిరీష వంటింటి గడపలో నిలబడింది.

"పథ్యం చేస్తాండంగా చీము రాదు. ఈ చేత్తో ఎంతమందికి పెట్టినా! ఎవరో పప్పు పెట్టినారు. ఎవరు?"

శిరీష నోరు తెరవబోయింది. వదిన ఆమెకు ఆ అవకాశం ఇవ్వలేదు. నా మంచం మీదికి వంగింది.

"సరోజా, నీకు నోరు రాదు. తల ఊపు చాలు. పప్పు నువ్వు అడిగినావా?"

అడ్డంగా ఊపాను.

"ఈ పిల్లే తెచ్చి పెట్టిందా?"

నిలువుగా ఊపాను.

రెండూ నిజాలే. నేను అడగలేదు, ఆమె తెచ్చింది. దేవుడి ముందు నిలబెట్టి అడిగినా ఆ రెండు ప్రశ్నలకూ అవే జవాబులు. కానీ నేను తాగాను. ఇంకా కావాలని చేయి చాచాను. తల మీద చేయి పెట్టి దీవించాను. మరునాడు ఎదురు చూశాను. అవి ఎవరూ అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు. చేతులు ఉన్నాయి నాకు. గుండె మీద చేయి పెట్టి చూపించి ఉండొచ్చు. పక్కనే పాత క్యాలెండరు కాగితం, పెన్సిలు ఉన్నాయి, ఐదు రోజులుగా ఆ కాగితాల మీద రాసి చూపించే నీళ్లు అడుగుతున్నాను. ఆ పెన్సిలు నేను తీయలేదు.

ఎందుకు తీయలేదో కూడా రాస్తాను. భయం. చచ్చిపోతానేమో అని భయం. ఇంకోటి, వదిన అన్నమాటే నిజమేమో అని నాకూ అనిపించింది. పప్పే చేసిందేమో అని ఆ పిల్ల మీద నాకు ఒక్క క్షణం కోపం కూడా వచ్చింది.

"అత్తను సంపనీకె వచ్చినావా ఈ ఇంటికి?" అంది వదిన.

"సదువుకున్న పిల్లని తెస్తిమి. ఇంట్లో పెద్దోళ్లు ఉండారని సదువులో చెప్పల్యా?" అన్నాడు మా ఆయన.

ప్రసాదు నేల వైపు చూశాడు. శిరీష వాళ్ల ముగ్గురి వైపూ చూడలేదు. నా ఒక్కదాని ముఖమే చూసింది. తర్వాత లోపలికి పోయి నా చీరలు, తువ్వాలు, దుప్పటి, మందుల చీటీలు సంచిలో సర్ది కారు దగ్గరికి తెచ్చి పెట్టింది. ఆసుపత్రికి వస్తానంది. "నువ్వు రావద్దు" అంది వదిన. మరునాడు పొద్దున ఒక్కతే బస్సెక్కి జమ్మలమడుగులో వాళ్లమ్మ దగ్గరికి పోయిందని తర్వాత తెలిసింది.

కర్నూలు

ప్రొద్దుటూరు డాక్టరమ్మ చూసి, ఒక్క క్షణం ఆగకుండా కర్నూలు పంపించింది. అక్కడ దవడ కింద కోసి గొట్టం పెట్టారు. ఆ వివరం నాకు ఎక్కువ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. లైట్లు, చలి, ఎవరో నా చేయి పట్టుకుని "అమ్మా, ఊపిరి తీస్కో" అనడం, అంతే. ఎవరి చేయో చూడలేదు. వాళ్లు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

నాకు తోడు మా వదినే ఉంది. నేల మీద చాప వేసుకుని ఐదు రోజులు పడుకుంది.

పక్క మంచం ఎర్రగుంట్ల నుంచి వచ్చిన వాళ్లది. మాబున్నీ అని ముప్పై ఐదేళ్ల మనిషి. ఆమె భర్త సిమెంటు లారీ తోలేవాడు, దవడ విరిగితే పై పళ్లూ కింది పళ్లూ కలిపి తీగలతో కట్టేశారు. నోరు తెరిచే వీలే లేదు. మాబున్నీ సిరంజిలో ఏదో పసుపుపచ్చగా పట్టి, అతని చెంప సందులో నుంచి నిదానంగా పోస్తోంది.

"ఏంది పాపా అది?" అని మా వదిన అడిగింది.

"పప్పునీళ్లక్కా. నెల దినాలాయ. పప్పునీళ్లు, జావ, మజ్జిగ. ఇవే పోస్తాండా."

"చీము పట్టల్యా?"

"యాడ చీమక్కా! ఎముక అతుక్కుంటాండాదని డాక్టరు సారు నిన్ననే చెప్పె. ఏమప్పా, అతుక్కుంటాండాదా ల్యాదా, చెప్పు అక్కకు."

ఆ మనిషి తీగల వెనక నుంచి "ఊఁ" అన్నాడు. "సూస్తివా, ఇప్పుడు నా మాటకు ఎదురు చెప్పనీకె రాదు ఆయప్పకు. ఇంతకన్నా సుఖం యాడుండాది?" అని ఆమె నవ్వింది. అతని కళ్లు కూడా నవ్వాయి.

మా వదిన గోడ వైపు తిరిగింది. "ఒక్కొక్కరి ఒంటి తత్వం ఒక్కో మాదిరి ఉంటాది" అంది. ఎవరితోనూ కాదు.

మూడో రోజు నన్ను ద్రవాలు తాగమన్నారు. క్యాంటీను జావ పొగలు కక్కుతోంది. మాబున్నీ తన ఫ్లాస్కులోని రాగిజావ గ్లాసులో పోసి, చల్లార్చి తెచ్చి, నా ముఖం, మా వదిన ముఖం మార్చి మార్చి చూసి, "మాంసం ముట్టని గిన్నెక్కా. ఈడికొచ్చినాక కొత్తది కొనుక్కున్నా" అంది. మా ఇంట్లో బయటివాళ్ల చేతి మంచినీళ్లు కూడా తాగము. నేను రెండు చేతులా తీసుకుని తాగాను. వదిన తల తిప్పుకుంది, వద్దని మాత్రం అనలేదు.

ఆ సాయంత్రం పెద్ద డాక్టరు వచ్చాడు. జుట్టు నెరిసిన మనిషి, తొందర లేని మనిషి. "ఇంట్లో కాపడం పెట్టినారా?" అని అడిగాడు.

"గంటకొకసారి పెట్టినా సార్. చేతులు కాల్తాండా ఇడవల్యా" అని మా వదిన అరచేతులు చూపించింది.

ఆయన ఆ చేతుల వంక చూశాడు. తిట్టలేదు. "అదేనమ్మా చేసింది" అన్నాడు. "ఆ వేడి, ఆ కారం. లోపల గడ్డ ఊడిపోయి మూడో దినానికే మొదలైండాది."

"పప్పు తినింది సార్."

"పప్పుకేం సంబంధంల్యా. మొదటి దినం నుంచి ఆ పప్పే పెట్టింటే ఇంత దూరం వచ్చేవాళ్లే కాదు."

నేను కళ్లు మూసుకున్నాను. నాలుగో నాడు ఆ పిల్ల చల్లార్చి తెచ్చిన గ్లాసు కనిపించింది. మూడో దినానికే మొదలైందట. ఆమె పెట్టింది నాలుగో నాడు.

ఆ రోజే వదిన ఫోనులో మా ఆయనతో మాట్లాడటం విన్నాను. "తగ్గుతాందిలేప్పా. డాక్టర్లు ఏదో ఒగటి అంటారు. వాళ్ల మాటకేంలే" అంది. పెద్ద డాక్టరు చెప్పింది అందులో ఎక్కడా లేదు. చాప మీద కూర్చుని చాలాసేపు అరచేతులు ఒకదానితో ఒకటి రుద్దుకుంది. ఆమెను చూస్తే జాలి వేసింది. ఆ జాలి కూడా నాకు ఇప్పుడు చేదుగానే ఉంది.

జమ్మలమడుగు

ఇంటికి పోయే దారిలో, మా ఊళ్లో ఆగకుండా కారు జమ్మలమడుగు తిప్పమన్నాను. పళ్ల సందు నుంచి వచ్చే మాట, అందరికీ అర్థం కావడానికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"మగపిల్లోని తల్లివి, నువ్వు పోయి బతిమాల్తావా?" అన్నాడు మా ఆయన. "ప్రసాదు పోయి పిల్చుకొస్తాడులే."

"తిప్పండి" అన్నాను. ముప్పై ఏళ్లలో ఆయనకు నేను ఎదురు చెప్పింది ఆ ఒక్క మాట. ఆ మాట ఆరో నాడు రాలేదు.

వాళ్లమ్మ నన్ను చూసి, గొంతుకున్న కట్టు చూసి, ఒక్క మాట అడగకుండా పీట వేసింది. పప్పన్నం గుజ్జుగా మెదిపి, మజ్జిగ పోసి, చెంచాతో సహా నా ముందు పెట్టింది. నా మీద కోపం ఉన్న ఇంట్లో, నా నోటికి సరిపోయేట్టు చేసి పెట్టారు. తినక తప్పదు. తిన్నాను.

శిరీష తలుపుకు ఆనుకుని నిలబడింది.

"శిరీషా, పప్పు వల్ల కాదంట. డాక్టరు చెప్పినాడు."

"నాకు తెల్సు గదత్తా. అది డాక్టరు చెప్తే గానీ మీకు తెలీదా?"

అప్పటిదాకా ఆ పిల్ల నన్ను నువ్వు అనేది.

"ఆ పొద్దు నాకు నోరు రాల్యామ్మా."

"నోరు రాల్యా. తల వచ్చింది గదా."

"ఏమే, పెద్దామెతో ఆ మాటలేంది?" అని వాళ్లమ్మ గదమాయించింది.

"నువ్వుండుమ్మా. నేను తిట్టల్యా. జరిగింది చెప్తాండా."

నిజమే. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు

పదిహేను రోజులకు ప్రసాదు పోయి తీసుకొచ్చాడు. వచ్చింది. ఆ రోజు నుంచి నాకు ఆమె చేసే సేవలో వంక పెట్టడానికి ఏమీ లేదు. టైముకు మందులు, టైముకు జావ. పన్ను తీయించుకున్నవాళ్లకు ఏం పెట్టాలని నన్నెవరైనా అడిగితే, ఆమె పెట్టిందే చెబుతాను. పెసరకట్టు వడగట్టి చల్లార్చి. రాగిజావ ఉండలు లేకుండా, మజ్జిగ కలిపి. అన్నం మామూలుకంటే రెండింతల నీళ్లతో వండి, వేడి తగ్గాక మెదిపి పెరుగు. సొరకాయ గుజ్జు. అరటిపండు చెంచాతో నలిపి. చెంచా పుండు లేని వైపు నుంచి. పుండు ఆరేదాకా కారం ముట్టొద్దు, కాపడం పెట్టొద్దు. ఇంట్లో పెద్దవాళ్లు వేరే చెప్తే వాళ్ల కాళ్లకు దండం పెట్టి డాక్టరు చెప్పిందే తినండి.

అన్నీ పెడుతుంది. పెట్టేముందు మాత్రం గ్లాసు పట్టుకుని వసారాలోకి పోతుంది. మా వదిన అక్కడ బియ్యం ఏరుతూ ఉంటుంది.

"పెద్దత్తా, అత్తకు పప్పుకట్టు పెట్టమంటారా?"

రాజమ్మ ఇంటిదాకా వినబడుతుంది. వదిన తల ఎత్తదు. "పెట్టు" అంటుంది. అప్పుడు తెచ్చి నా ముందు పెడుతుంది. రోజూ ఇంతే. ఇల్లంతా వింటుంది.

మొన్న నేను ఉండబట్టలేక అన్నాను. "ఎవర్నీ అడగొద్దు శిరీషా. నేను అడుగుతాండా. నాకు పెట్టు."

"మీరు అడిగినారని రేపు ఎవరు చెప్తారత్తా?"

గదిలోకి పోయి కాగితం తీసుకుని జరిగింది రాశాను. నిన్న మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు, నోరు ఎంత తెరుచుకుంటే అంతలో, దాన్ని చదివాను.

"పన్ను తీసిన నాలుగో నాడు, ఐదో నాడు, నా కోడలు శిరీష తెచ్చిన పెసరకట్టు నేను ఇష్టపడి తాగాను. నోటితో అడగలేదు, చేయి చాచి అడిగాను. ఐదో నాడు ఎదురు చూసి తాగాను. దాని వల్ల నాకు మేలే జరిగింది. చీము అంతకుముందే పట్టింది. ఆరో నాడు ఈ సంగతి నేను చెప్పగలిగీ చెప్పలేదు. తప్పు నాది."

మా ఆయన ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగి, "ఇప్పుడెందుకు ఇయ్యన్నీ" అని లేచి చేయి కడుక్కున్నాడు. వదిన కంచంలోకి చూస్తూ కూర్చుంది. ఆమె ముద్ద ఎత్తలేదు, లేవనూ లేదు. ప్రసాదు భార్య వైపు చూశాడు, ఆమె అతని వైపు చూడలేదు.

శిరీష మజ్జిగ గిన్నె కింద పెట్టి, కొంగుకు చేయి తుడుచుకుని వచ్చి, నా చేతిలో నుంచి కాగితం తీసుకుంది. కిటికీ దగ్గర నిలబడి మొదటి నుంచి చివరిదాకా తానే మళ్లీ చదువుకుంది. చదివి, నా ముందుకు తెచ్చి, కింద ఖాళీ చోటు మీద వేలు పెట్టింది.

"సంతకం పెట్టల్యా అత్తా."

పెట్టాను. కాగితం మడిచి తీసుకుపోయి, బీరువాలో తన సర్టిఫికెట్ల ఫైలులో పెట్టి, తాళం వేసింది.